కాలిమెట్లు లేని ఆర్గన్

ఎవాంజలిన్ మొదటిసారి పైప్ ఆర్గన్ విన్నప్పుడు దాన్ని ఒక్క మనిషే వాయిస్తున్నాడంటే నమ్మలేదు. అప్పటికి ఆమెకి పదేళ్ళు. వాళ్ళ నాన్న విశాఖపట్నం హార్బర్ దగ్గర, విదేశీ ఓడల నుంచి దిగిన నావికుల కోసం నడిపే క్లబ్బులో వంటమనిషి. ఆదివారం చర్చి అయ్యాక ఎవాంజలిన్‌నీ, తమ్ముడు దయానందాన్నీ వెంటబెట్టుకెళ్ళి వంటగది గుమ్మంలో కూచోబెట్టేవాడు. మరమ్మతు కోసం ఆగిపోయిన ఒక జర్మనీ ఓడలోని ఇంజనీరు ఆ రోజుల్లో క్లబ్బుకి వచ్చి, టేప్‌రికార్డర్ బల్లమీద పెట్టుకుని, ఒకే క్యాసెట్టు తిప్పి తిప్పి వినేవాడు.

"ఎంతమంది వాయిస్తన్నారు నాన్నా?" అని అడిగింది ఎవాంజలిన్.

నాన్న తనకొచ్చిన ఇంగ్లీషులో ఆయన్ని అడిగాడు. ఆయన ఒక వేలు చూపించాడు. తర్వాత రెండు చేతులూ బల్లమీద ఆడించి, బల్ల కింద బూట్లతో నేలని టకటకా తొక్కి చూపించాడు. చేతులది ఒక పాట, కాళ్ళది ఇంకో పాట. దయానందం పడీపడీ నవ్వాడు. ఎవాంజలిన్ మాత్రం ఆ బూట్లవైపే చూస్తూ ఉండిపోయింది. ఓడ బయల్దేరేటప్పుడు ఆయన ఆ క్యాసెట్టు పిల్లకి ఇచ్చేసి వెళ్ళాడు. టేపు సాగి, నలిగి, ఆఖరికి తెగిపోయేదాకా ఆమె దాన్ని విన్నది. అందులో ఉన్నది మూడు వందల ఏళ్ళ నాటి సంగీతమనీ, దాన్ని బరోక్ అంటారనీ తెలిసేసరికి కాలేజీకి వచ్చేసింది.

ఆమెకి తెలిసిన ఏ చర్చిలోనూ, గోడ పొడుగునా నిలబెట్టిన గొట్టాల్లోంచి గాలితో పలికే పైప్ ఆర్గన్ లేదు. వాళ్ళ చర్చిలో ఉన్నది కాళ్ళతో గాలి తొక్కే పెద్ద హార్మోనియం. దానికి కాళ్ళ పని గాలి ఇవ్వడమే, స్వరం పలికించడం కాదు. పదిహేనో ఏట ఆ హార్మోనియం ముందు కూచున్న అమ్మాయి యాభై దాటేదాకా లేవలేదు. పియానో పరీక్షలు కట్టింది. ఒక కాన్వెంటు బడిలో సంగీతం టీచరుగా చేరింది. సంబంధాలు రాకపోలేదు గానీ అప్పటికే అమ్మ మంచాన పడింది. అమ్మ పోయేసరికి సంబంధాలు రావడం ఆగిపోయింది. అందుకు ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఒకసారి పాటల బృందంతో చెన్నై వెళ్ళినప్పుడు, ఆరాధన అయిపోయాక, అక్కడి చర్చి పెద్దలు ఆమెని నిజమైన పైప్ ఆర్గన్ ముందు కాసేపు కూచోనిచ్చారు. చెప్పులు విప్పి, కాళ్ళ కోసం కింద పరిచిన చెక్క కాలిమెట్లలో ఒక్కదాన్ని ఎడమకాలితో నొక్కింది. కూచున్న బెంచీలోంచి వెన్నులోకి పాకింది ఆ శబ్దం.

బడి నుంచి రిటైరయిన ఏడాదే చర్చిలో కుర్రకారు కోసం కీబోర్డూ డ్రమ్సూ కొన్నారు. హార్మోనియాన్ని గోడకి జరిపి దానిమీద పూలకుండీ పెట్టారు. పాస్టరుగారు మర్యాదగానే చెప్పారు. ఆమె మర్యాదగానే తలూపింది. ఆ ఆదివారం నుంచి పాటల బృందంలో వెనక వరసలో నిలబడి పాడింది.

అప్పటికి ఆమె దువ్వాడలో తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. రెండు మూడేళ్ళకి, స్టీల్ ప్లాంటులో మీటర్లూ సెన్సార్లూ బాగుచేసే దయానందం కూడా రిటైరయ్యాడు. చేతిలో పని లేక ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ విప్పి మళ్ళీ బిగిస్తూ ఉండేవాడు. అతని భార్య ఫ్లోరెన్స్ ఒక ఆస్పత్రిలో నర్సు. పిల్లలు లేరు. ముగ్గురూ సాయంత్రం చాపమీద కూచుని ప్రార్థన చేసుకుని, అన్నం తిని, టీవీ చూసేవారు.

ఆ టీవీలోనే ఒకరోజు యూట్యూబులో ఒక వీడియో కనబడింది. పోలండు దేశంలో ఒకాయన తన పడగ్గదిలో, మూడు కీబోర్డులు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని, కింద కాలిమెట్లు పెట్టుకుని వాయిస్తున్నాడు. గదిలో మంచం ఉంది, మంచంమీద మడతపెట్టని దుప్పటి ఉంది. వస్తున్న శబ్దం మాత్రం పెద్ద రాతిచర్చిది.

"ఇదెలాగరా?" అంది ఎవాంజలిన్.

దయానందం రెండు రోజులు చదివి వచ్చి చెప్పాడు. పాత చర్చిల్లోకి మైకులు పట్టుకెళ్ళి, ఆర్గన్‌లో ఉన్న ప్రతి గొట్టాన్నీ విడివిడిగా పలికించి రికార్డు చేస్తారు. ఆ వేల శబ్దాలన్నీ కంప్యూటర్లో ఉంటాయి. మనం ఇక్కడ ఏ మెట్టు నొక్కితే అక్కడి ఆ గొట్టమే పలుకుతుంది. చెయ్యి తీసేశాక చర్చిలో శబ్దం ఎంతసేపు తిరుగుతుందో అది కూడా రికార్డయి ఉంటుంది.

"అంటే చర్చిని కూడా ఇస్తారన్నమాట," అంది ఆమె.

"చర్చినే ఇస్తారక్కా. ఏ చర్చి కావాలో నువ్వు ఏరుకోవాలి, అంతే."

ఆ ఏరుకోవడంలో వానాకాలమంతా గడిచింది. ఎవాంజలిన్ పొద్దున్నే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూచునేది. ఒకే పాటని హాలెండు ఆర్గన్‌మీద, ఫ్రాన్సు ఆర్గన్‌మీద, ఇంగ్లండు ఆర్గన్‌మీద వినేది. ఇంగ్లండుది వింటే బడి ప్రేయర్ గుర్తొస్తోందని తీసేసింది. ఫ్రాన్సుది మరీ డాబుగా ఉందంది. ఇటలీది ఒకటి విని, "ఇదేటి, కాలిమెట్లు నామకార్థం పెట్టాడు," అని పక్కన పెట్టేసింది. చివరికి ఉత్తర జర్మనీలోని ఒక ఊరి ఆర్గన్ దగ్గర ఆగింది. అందులో కాళ్ళ కోసమే ప్రత్యేకంగా పెద్ద పెద్ద గొట్టాలు రెండు గోపురాల్లాగా అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. కింది స్వరం పలికితే హెడ్‌ఫోన్స్ చెవుల మీద వణికాయి.

"ఇదిరా," అంది. "ఆ ఓడాయన నేల తొక్కింది దీనికోసం."

కీబోర్డులు, పెద్ద స్పీకర్లు కొన్నారు. కాలిమెట్లు కొనడం కంటే చేసుకోవడం మేలని దయానందం అగనంపూడి నుంచి జగ్గారావుని పిలిచాడు. జగ్గారావు ప్లాంటులో పోత పోసే అచ్చులకి చెక్క నమూనాలు చేసినవాడు, దయానందానికి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. కంప్యూటర్లో బొమ్మ చూసి మొహం అదోలా పెట్టాడు.

"ఇదేటి బావా, నిచ్చెన పడుకోబెట్టినట్టుంది? టీచరమ్మ దీనిమీద నడుత్తాదా?"

"నడవదు, వాయిస్తాది."

"కాల్లతోనా? ఈ వయసులో?" అని జగ్గారావు ఎవాంజలిన్ వైపు తిరిగాడు. "సరే టీచరమ్మా, సేత్తాను. సెక్క మాత్రం బాగా ఎండింది కావాల. లేపోతే మన ఉప్పుగాలికి వంకర తిరిగిపోతాది."

ఒక్కో మెట్టూ చిత్రిక పట్టి, ఇసక కాగితంతో అరచేతికి తగలనంత నున్నగా రుద్దాడు. ప్రతి మెట్టు కిందా దయానందం ఒక చిన్న అయస్కాంతం, ఒక స్విచ్చు పెట్టాడు. ఏ వరస గొట్టాలు పలకాలో మార్చే పిడులు, స్టాపులంటారు వాటిని, కీబోర్డుల పక్కన బిగించాడు. ముందుగదిలో సోఫా తీసేసి ఆర్గన్ నిలబెట్టారు. మొదటిరోజు ఎవాంజలిన్ పాదం ఆనించగానే కిటికీ అద్దాలు జుయ్యిమన్నాయి. జగ్గారావు రెండడుగులు వెనక్కి వేసి, "బాబోయ్, ఓడ వచ్చీసింది," అన్నాడు. ఎవాంజలిన్ అంత గట్టిగా నవ్వడం ఫ్లోరెన్స్ అంతకు ముందు చూడలేదు.

ఉత్త కాళ్ళతో వాయిస్తే జారుతోంది. చెప్పులతో కుదరదు. ఆర్గన్ వాయించేవాళ్ళు పలచటి అడుగు, చిన్న మడమ ఉన్న బిగుతు బూట్లు వేసుకుంటారని చదివి, వన్‌టౌన్‌లో ఒకాయన చేత కుట్టిద్దామన్నాడు దయానందం. ఎవాంజలిన్‌కి పదేళ్ళుగా షుగర్ ఉంది. అందుకని ఫ్లోరెన్స్ మొదట సందేహించింది. "పాదాలకి గాలాడాలి వదినా," అంది. కానీ ఉత్త కాళ్ళతో చెక్కమీద రాపిడి కంటే మెత్తటి తోలు నయమే కదా అని తనే ఒప్పుకుంది. దయానందం నేలమీద కాగితం పరిచి, అక్కని నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిలుతో గీసి కొలత పట్టుకెళ్ళాడు. నల్లటి బూట్లు వచ్చాయి. ఎవాంజలిన్ వాటిని గుడ్డ సంచీలో పెట్టుకుని, వాయించేటప్పుడు మాత్రమే తీసేది.

ఆ చలికాలం ఆమె జీవితంలో మంచికాలం. పొద్దున కాఫీ తాగి కూచుంటే మధ్యాహ్నం ఫ్లోరెన్స్ ఫోన్ చేసి తిన్నావా అని అడిగేదాకా లేచేది కాదు. ఎడమ చెయ్యి చేసే పనికి అలవాటుపడ్డ మెదడు కాళ్ళకి వేరే పని చెప్పడానికి మొరాయించేది. మొదట కుడికాలు వెళ్ళిన చోటికే కుడిచెయ్యి కూడా వెళ్ళిపోయేది. నెమ్మదిగా విడిపడ్డాయి. ఒకరోజు, చిన్నప్పటి క్యాసెట్టులో ఉన్న పాటల్లో ఒకదాన్ని, కాళ్ళు ఒంటరిగా మొదలుపెట్టే చోటు నుంచి, తప్పు లేకుండా ఒక పేజీ దాటించింది. ముందుగది గుమ్మం దగ్గర దయానందం స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడిపోయాడు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ప్రార్థనలో, కళ్ళు మూసుకుని ఉన్న ఫ్లోరెన్స్ మధ్యలో కళ్ళు తెరిచింది. దయానందం ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాడు. ఫ్లోరెన్స్ వాసన పట్టింది. ఆస్పత్రి వార్డులో ఏళ్ళ తరబడి పీల్చిన వాసన అది. చాపమీద పక్కకి జరిగి, ఎవాంజలిన్ కుడికాలి మేజోడు మీద చెయ్యి వేసింది.

"వదినా, కాలు చూపించు."

"ఏం లేదమ్మా. కాస్త ఒరుసుకుంది."

"చూపించు వదినా."

మేజోడు తీస్తే చిటికెనవేలు నల్లబడి ఉంది. దాని పక్కన, బూటు అంచు ఒరుసుకున్న చోట, రూపాయి బిళ్ళంత పుండు లోపలికంటా దిగిపోయి ఉంది. నొప్పి లేదా అంటే లేదంది. షుగర్ వల్ల నొప్పి తెలియని కాలది. దయానందం ఆమెన్ అనడం మరిచిపోయాడు.

ముందు వేలు తీశారు. ఆ కుళ్ళు అక్కడితో ఆగలేదు. తర్వాత సగం పాదం అన్నారు. జ్వరం తగ్గలేదు. డాక్టరు ఫ్లోరెన్స్‌ని బయటికి పిలిచి, మోకాలి కింద దాకా తీయకపోతే మనిషి దక్కదని చెప్పాడు. సంతకం దయానందం పెట్టాడు. మత్తు ఇచ్చేముందు ఎవాంజలిన్ ఒక్కటే అడిగింది. "ఏ కాలురా? కుడిదేనా?" తెలియక కాదు. ఇంకొకరి నోట వినాలని.

ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో ఆర్గన్‌మీద దుప్పటి కప్పి ఉంది. ఫ్లోరెన్స్ కప్పింది. వీల్‌చెయిర్ గుమ్మం దాటడానికి కాలిమెట్లు అడ్డమని దయానందం వాటిని విప్పబోతే ఎవాంజలిన్ వద్దంది. "ఉండనీ. పక్కనుంచి పోతాను." ఆ నెలల్లో ఆమె కోసేసిన కాలి వేళ్ళు దురద పెడుతున్నాయనేది. లేని బొటనవేలు బిగుసుకుపోయి మెట్టుని వెతుకుతోందని ఒకసారి ఫ్లోరెన్స్‌తో చెప్పింది. అది మామూలేననీ, చాలామందికి అలా ఉంటుందనీ చెప్పి ఫ్లోరెన్స్ పెరట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది.

చర్చివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. జగ్గారావు వచ్చాడు. కుర్చీ అంచున కూచుని, దుప్పటి కింద నుంచి కనబడుతున్న మెట్ల కొసలు చూసి, టీ కూడా తాగకుండా లేచిపోయాడు. "నాను సేసిన ఒస్తువు ఎవులికీ సెడు సెయ్యలేదు బావా ఇన్నాల్లూ," అన్నాడు గేటు దగ్గర దయానందంతో.

కృత్రిమ కాలు వచ్చింది. గోడ పట్టుకుని నడవడం నేర్చుకుంది. ఒక పొద్దున దుప్పటి తనే తీసి, బెంచీ ఎక్కి కూచుంది. ఆ కాలికి చీలమండ వంగదు. ఏ మెట్టుమీద ఉందో దానికి తెలియదు. కంటితో చూసి పెడితే అప్పటికే చేతులు ముందుకు వెళ్ళిపోయేవి. ఎడమకాలు ఒక్కదానితోనే ప్రయత్నిస్తే ఒరిగిపోయి కీబోర్డు అంచు పట్టుకుంది. చప్పుడుకి దయానందం పరిగెత్తుకొచ్చాడు.

"ఉండక్కా," అన్నాడు. "నాను కూచుంటాను పక్కన. కుడికాలు నాను."

"నీకేటొచ్చురా?"

"మెట్లకి అంకెలు వేస్తాను. నువ్వు అంకె చెప్పు, నాను తొక్కుతాను."

నిజంగానే సుద్దముక్కతో అంకెలు వేశాడు. అక్కా తమ్ముడూ ఇరుక్కుని ఒకే బెంచీమీద కూచున్నారు. ఆమె అంకె చెప్పేది, అతను తొక్కేవాడు. అతను తొక్కేసరికి పాట దాటిపోయేది. రెండోరోజు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. "ఏడు అంటే తొమ్మిది తొక్కుతావేట్రా, ప్లాంటు ఎలా నడిపేవాడివి?" అంది. నాలుగోరోజు ఆమె నవ్వలేదు. ఒకే వరసని పదేపదే మొదలుపెట్టి, పదేపదే ఆగి, ఉన్నట్టుండి మెట్లమీద నుంచి చేతులు తీసేసింది.

"నాకు కావాల్సింది నీ కాలు కాదురా."

దయానందం తల ఎత్తకుండా, ఏడాదిగా లోపల పెట్టుకున్నది చెప్పాడు.

"నాను పెన్సిల్ నిలువుగా పట్టుకోలేదక్కా. కొలత గీసినప్పుడు లోపలికి వంచి గీసీసేను. చిటికెనవేలు దగ్గరే. ఆయన నా గీత ప్రకారమే కుట్టేడు. నాను ఆ కొట్టు దాకా వెళ్ళి, అడుగుదామని, ఎదురుగా నిలబడి వచ్చేశాను. తప్పు గీతలో ఉంది."

బయట గూడ్సుబండి ఒకటి స్టేషన్ దాటి పోయింది.

"నీ గీత వల్ల కాదు దయా," అంది ఎవాంజలిన్. "నాను చూశాను."

"ఏటి?"

"పుండు. చిన్నదిగా ఉన్నప్పుడే చూశాను. గోరంత ఉండేది. మేజోడు వేసుకున్నాను. ఆ వారం ఆ పేజీ వస్తంది నాకు. చెప్తే ఫ్లోరెన్స్ ఆపేస్తాది. ఇంకొక్క వారం, పేజీ అయ్యాక చెప్దామనుకున్నాను. అది అయ్యాక తర్వాతి పేజీ వచ్చింది."

ఈ మాటతో తమ్ముడి గుండె తేలికవుతుందనుకుంది ఆమె. అవలేదు. దయానందం మొహం ఎర్రబడింది. బెంచీ మీంచి లేచాడు.

"ఏడాది," అన్నాడు. "ఏడాది నాను నిద్రపోలేదు. ఫ్లోరెన్స్ తన్ను తాను తిట్టుకుంటంది, ఇంట్లో నర్సు ఉండీ అని. జగ్గారావు మన గుమ్మం తొక్కడం మానేశాడు. నీకు తెలిసి ఉండీ!"

"చెప్పడానికి నోరు రాలేదురా."

"పాట వాయించడానికి కాలొచ్చింది," అన్నాడు దయానందం. అన్నాక ఆ మాట తనకే వినబడి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. దువ్వాడ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, పాసింజర్లు ఎక్కి దిగేవాళ్ళ మధ్య చీకటి పడేదాకా కూచున్నాడని తర్వాత ఎవరో ఫ్లోరెన్స్‌కి చెప్పారు.

ఆ తర్వాత అక్కతో మాట్లాడటం మానేశాడు. మందులు తెచ్చేవాడు, ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు, వీల్‌చెయిర్ చక్రాలకి నూనె వేసేవాడు. నోరు మాత్రం విప్పేవాడు కాదు. సాయంత్రం ప్రార్థనలో ఇద్దరూ వేర్వేరు గోడలవైపు తిరిగి కూచునేవారు. ఫ్లోరెన్స్‌కి విషయం తెలిశాక ఆమె ఏడవలేదు, అరవలేదు. కృత్రిమ కాలు విప్పి పక్కన పెడుతూ, "నేను ఆపేసేదాన్నే వదినా. నువ్వు అనుకున్నది నిజమే," అంది. అంతే.

ఎవాంజలిన్ మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నది ఆ మౌనంలోనే. ఈసారి ఏరుకోవడం మొదటిసారిలా లేదు. అప్పుడు ఏది కావాలా అని విన్నది. ఇప్పుడు ఏది మిగిలిందా అని వింది. కాళ్ళు అక్కర్లేని బరోక్ సంగీతం చాలానే ఉంది. స్పెయిన్‌లో, ఇంగ్లండులో, ఇటలీలో ఆ కాలంలో చేతుల కోసమే రాశారు. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు. తెలిసి కూడా అటు చూడలేదు. స్పెయిన్‌ది విన్నది, బాకా ఊదినట్టున్న ఆ గొట్టాలు ఆ గదిలో, ఆ రోజుల్లో భరించలేకపోయింది. ఇంగ్లండుది మళ్ళీ విని మళ్ళీ తీసేసింది. ఇటలీలో ఒక చిన్న ఊరి చర్చిది, మొదటిసారి నామకార్థం అని పక్కన పెట్టినదాన్నే, మళ్ళీ తెరిచింది. ఒకే కీబోర్డు. పది పన్నెండు స్టాపులు. గొంతెత్తని శబ్దం. దాన్ని రోజూ వింది. నచ్చిందని కాదు, విసుగు రావడం లేదని గమనించింది.

వారాల తర్వాత ఒక పొద్దున, స్విచ్‌బోర్డు విప్పుకుని కూచున్న తమ్ముణ్ణి పిలిచింది.

"దయా, ఇంకో ఆర్గన్ ఎక్కించాలి."

అతను లేచి వచ్చి, మాట్లాడకుండా కంప్యూటర్ ముందు కూచున్నాడు. కొత్తది ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కాక లేవబోయాడు.

"పాతది తీసెయ్."

దయానందం ఆగాడు. "ఉండనీ. చోటుంది," అన్నాడు. అన్ని వారాల్లో అదే మొదటి మాట.

"చోటు గురించి కాదురా. ఉంటే తెరుస్తాను."

అతను ఆమె మొహం చూశాడు. మౌస్ మీద చెయ్యి వేసి, కాసేపు కదలలేదు. తర్వాత నొక్కాడు. తెరమీద పచ్చటి గీత మెల్లగా జరగసాగింది. ఉత్తర జర్మనీ చర్చిలో విడివిడిగా పలికించి తెచ్చిన గొట్టాలన్నీ, చిన్నవీ పెద్దవీ, రెండు గోపురాల్లోవీ, ఒక్కొక్కటే పోతున్నాయి. ఇద్దరూ ఆ గీతనే చూస్తూ కూచున్నారు. అయిపోయాక దయానందం చొక్కా చేతితో మొహం తుడుచుకుని, "టీ తాగుతావా?" అన్నాడు.

జగ్గారావు వచ్చి కాలిమెట్లు పట్టుకుపోయాడు. చెక్క మంచిది, దేనికైనా వాడుకోమంది ఎవాంజలిన్. "నాను కొయ్యను టీచరమ్మా. నా సేత్తో కొయ్యలేను," అని, టార్పాలిన్ చుట్టి ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. ముందుగదిలో ఆ చోట గచ్చు మిగతా గచ్చు కంటే కొంచెం తేటగా ఉంది.

ఇటలీ ఆర్గన్‌తో కూడా పని తేలిగ్గా లేదు. ఆ కాలంలో గొట్టాలు ఆదా చేయడానికి ఎడమచేతి వైపు చివర కొన్ని మెట్లు తగ్గించి, స్వరాలని వేరే మెట్లలో సర్దారు. ఉండాల్సిన చోట స్వరం ఉండదు. పక్క మెట్టులో ఇంకేదో పలుకుతుంది. యాభై ఏళ్ళ అలవాటున్న ఎడమచెయ్యి రోజూ తప్పులోకే వెళ్ళేది. శృతి కూడా పాతది. కొన్ని స్వరాలు కలిపితే తేనెలా ఉంటాయి, కొన్ని కలిపితే కుక్క మూలిగినట్టుంటుంది. ఆ స్వరాలు కావాల్సిన పాటలు దానిమీద వాయించడానికే లేదు. ఎవాంజలిన్ పుస్తకాల్లోంచి వాటిని కూడా తీసి పక్కన పెట్టింది.

ఒక స్టాపు లాగినప్పుడు దయానందం పక్కగది నుంచి వచ్చాడు. స్వరం స్థిరంగా లేదు, సన్నగా వణుకుతోంది.

"ఇది సరిగ్గా రికార్డవలేదక్కా. రెండు గొట్టాలు కలవలేదు. సరిచేసే వీలుందేమో చూస్తాను."

"వద్దురా. కావాలనే అలా పెట్టారు. ఒకదానికి శృతి కొంచెం తప్పించి రెండూ కలిపి పలికిస్తారు. మనిషి గొంతు అంటారు దీన్ని."

"తప్పు పెట్టి పలికిస్తారా?"

"ఆఁ."

దయానందం కాసేపు విని, తల ఆడించి వెళ్ళిపోయాడు. మీటర్లు సరిచేసిన మనిషికి అది అర్థం కాలేదు. అక్కతో ఇప్పుడు మాట్లాడుతున్నాడు. మునుపటిలా కాదు, అవసరం మేరకి. పుండు సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. రోజూ రాత్రి పడుకునేముందు మాత్రం ఫ్లోరెన్స్ టార్చి పట్టుకుంటే, దయానందం వంగి, అక్క ఎడమపాదం వేళ్ళ సందులన్నీ ఒక్కొక్కటీ చూస్తాడు. ఆమె కాదనదు. పాదం చాచి, కిటికీ వైపు చూస్తూ ఉంటుంది.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఫ్లోరెన్స్ డ్యూటీ నుంచి తడిసి వచ్చేసరికి ఎవాంజలిన్ వాయిస్తోంది. నెమ్మదైన పాట. స్వరాలు ఒకదానికొకటి ఆనుకుని, ఎక్కడా తొందర పడకుండా, దిగుతూ వస్తున్నాయి. ఫ్లోరెన్స్ తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి అయ్యేదాకా వింది. సంగీతం గురించి ఆమె ఎప్పుడూ అడిగింది లేదు. ఆ రోజు అడిగింది.

"వదినా, నీకు ఇది బాగుందా, అది బాగుండేదా?"

ఎవాంజలిన్ వణికే ఆ స్టాపుని లోపలికి నెట్టి, ఇంకోటి లాగి, దాన్ని కూడా మళ్ళీ నెట్టేసింది.

"అదే బాగుండేదమ్మా," అంది. "ఇది నా చేతికి వస్తంది."

ఆ మాట పక్కగదిలో ఉన్న దయానందానికి వినబడింది. ఫ్లోరెన్స్ తడిచీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఎవాంజలిన్ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, పేజీ తిప్పి, ఎడమచెయ్యి ఎక్కడ పెట్టాలో ఒకసారి చూసుకుని, తర్వాతి పాట మొదలుపెట్టింది.